అచ్చు అతుకుతూ మా అక్క నేర్చిన ఇంగ్లీషు

మా అక్క ముందు మాటలు నేర్పను వచ్చే పిల్ల నారింజపండు బొమ్మ పెట్టింది. "ఇదేందమ్మా? చెప్పండి... ఆ... ఆరెంజ్" అంది. అక్క ఆ బొమ్మను చూసింది, ఆ పిల్లను చూసింది, పక్కన కుర్చీలో ఉన్న నన్ను చూసింది. పెదవులు కదిలాయి. గొంతులోకి ఏదో ఎక్కివచ్చి అక్కడే ఆగిపోయింది. మరుక్షణం ముఖం గోడవైపు తిప్పేసుకుంది. బొమ్మలున్న అట్టముక్కలను ఆ పిల్ల ఒక్కొక్కటిగా సంచిలో సర్దుకుంటుంటే, పరీక్ష తప్పింది మా అక్క కాదు, నేనే అన్నంత సిగ్గు వేసింది నాకు. మాట పోయిన మనిషి ముందు కూర్చోవడం నాలాంటి వాగుడుకాయకు ఎంత శిక్షో ఆ పొద్దు తెలిసింది.

మా అక్క పేరు రత్నమ్మ. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లో 'రత్నం సిస్టర్' అనిపించుకుంది. ఆమె నడిచివస్తుంటే రోగులు ధైర్యంగా, కొత్త డాక్టర్లు భయంగా లేచి కూర్చునేవాళ్ళు. అట్లాంటి మనిషికి మొన్నొక ఉదయం కాఫీ తాగుతుండగా కుడిచెయ్యి వాలిపోయింది, మాట నిలిచిపోయింది. ప్రాణానికి భయం లేదని చెప్పి పెద్దాసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. ఇల్లంటే తిరుచానూరు రోడ్డులో ఆమె కూతురు విమల ఇల్లు. నా ఇల్లు అక్కడికి రెండు సందుల అవతల. చెయ్యి కొంచెం కొంచెంగా తేరుకుంటోంది. మాటే తేరుకోలేదు. ఎదుటివాళ్ళు చెప్పింది అర్థమవుతుందట, తాను చెప్పాల్సింది లోపల తెలుస్తుందట, దాని తాలూకు మాట మాత్రం చేతికి అందదట. అందేలా చెయ్యడానికి లావణ్య అనే ఈ మదనపల్లె పిల్ల సంచి తగిలించుకుని వస్తుంది. మాటలు తిరిగి నేర్పడం ఆమె చదువు.

ఆ రోజు లావణ్య వెళ్ళిపోయాక విమల చీరకొంగుతో ముఖం తుడుచుకుని, "మామా, ఇంగో వారం సూస్తాం. అమ్మకే ఇష్టం లేనప్పుడు సిన్నబిడ్డకు మాదిరి ఈ బొమ్మలు సూపించి సతాయించేది ఎందుకు? మాట రాకపోతే రాకపోనీ. మనిషి ఉండాది, అదే చాలు" అంది. దాని తప్పు లేదు. పగలంతా పనీ, రాత్రంతా కాపలా. కానీ నాకు ఎక్కడో చుర్రుమంది. "వారమేందే? మీ అమ్మ ఎవురనుకున్నావు? ఆయమ్మకు ఇంగ్లీషు నేర్పించినోణ్ణి నేను. తెలుగు నేర్పించలేనా? నేనుండేదాకా ఈ సదువు ఆగేది లేదు" అనేసి లేచి వచ్చాను. దారిపొడుగునా అదే మాట నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకునేకొద్దీ దానిలో సగం అబద్ధమని గుర్తొస్తూ వచ్చింది. సగం కూడా కాదు, ముక్కాలు. ఆ సంగతి ఇక్కడ సరిగ్గా రాసిపెడతాను.

మాది నగరి. మా వీధిలో వెయ్యి మగ్గాలుండేవి. వెయ్యి అంటే మీరు నమ్మరని తెలుసు, వీధి ఆ చివరినుంచి ఈ చివరిదాకా మగ్గం లేని ఇల్లు లేదని దాని అర్థం. తెల్లవారి ఎండ రాకముందే పడుగును, అంటే నిలువు పోగులను, వీధి పొడుగునా పరిచి, బియ్యపు గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వేవాళ్ళు. ఆ గంజివాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. పుల్లగా, తియ్యగా, అన్నం ఇంకా అన్నం కాకముందు ఉండే వాసన. గంజి ఆరేలోగా పని ముగించాలి కాబట్టి ఆ సమయంలో వీధిలో ఎవరూ ఎవరినీ పలకరించరు. తగాదాలున్నవాళ్ళు కూడా ఆ కాసేపు పక్కపక్కనే కుంచెలు లాగుతారు. తర్వాత ఎవరి ఇంట్లోకి వాళ్ళు పోయి సంగటిముద్ద, ఊరిబిండి తిని మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే, మళ్ళీ లేచేది వీపు ఇంక లేవమన్నప్పుడే. మా నాయన మగ్గం మీద నేసేవి గళ్ళ లుంగీలు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. మా అవ్వ వాకిట్లో వక్కాకు నములుతూ, నూలును పందికొక్కులు కొరక్కుండా, మేము పనిమానేసి పారిపోకుండా ఏకకాలంలో కాపలా కాసేది.

మా అక్కకు నర్సు కావాలని పట్టుదల. చిత్తూరులో ట్రైనింగుకు తీసుకుంటారు, కానీ స్కూలు ఫైనలు పరీక్ష పాసై ఉండాలి. అన్నీ పాసైంది, ఇంగ్లీషు ఒక్కటే పోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ పోయింది. మా నాయన కోపిష్టి కాదు, కానీ ఒక మాట అన్నాడంటే అది పడుగులో పడిన పోగే, పక్కకు జరగదు. ఆ సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, "మేయ్ రత్నా, ఒగమాట సెప్తా ఇను. రొండు తూర్లు పోయింది. ఇంగొక్క తూరి కట్టు. అది గూడా పోయిందంటే పుస్తకాలు అటక మీద బెట్టి మగ్గం కాడ కూసో. ఈ లోపల నీ సదువు వల్ల నా మగ్గం మీద అచ్చు సెడిందనుకో, ఆ తూరి గూడా లేదు" అన్నాడు. అక్క తలూపింది. నేను ముందు సంవత్సరమే ఇంగ్లీషులో స్కూలుకంతా ఫస్టుగా పాసై ఉన్నాను కాబట్టి ఆమెకు నేర్పించే బాధ్యత నామీద పెట్టారు. ఫస్టు అన్నానా? పాసయ్యాను. ఎంత తక్కువతో పాసు కావచ్చో అంతే తక్కువతో.

నా బోధన వారం సాగకముందే అక్క నా చెవి మెలేసి, చర్చివీధిలో ఉండే సుగుణమ్మ టీచరు దగ్గరికి పోయింది. ఆమె మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. తెల్లచీర, గుండ్రటి అద్దాలు, ఇంట్లో ఎప్పుడూ మల్లెపూలూ పాతపుస్తకాలూ కలిసిన వాసన. ఆమె దగ్గర దిండంత నిఘంటువు ఒకటి ఉండేది. దానిలో ప్రతి మాట పక్కనా అది ఎక్కడ పుట్టిందో రాసి ఉండేది. తోడుగా నేనూ పోయాను. మొదటిరోజు అక్క పుస్తకం తెరిచి, మొదటి మాట మీద వేలుపెట్టి అక్కడే ఆగిపోయింది. సుగుణమ్మ టీచరు పుస్తకం మూసేసింది. "ఏం రత్నా, ఈ మాటలన్నీ దేవుడు ఇంగ్లాండు మీదనే కురిపించినాడని అనుకున్నావా? ఊరూరు తిరిగి తెచ్చుకున్నారమ్మా. సగం అంగడి సరుకు మాదిరే. మీ ఇంట్లో ఏం చేస్తారు?" అంది. "గుడ్డలు నేస్తారు టీచర్." "అయితే గుడ్డల్లో మొదలుపెడతాం."

ఆ సాయంత్రం విన్నవి నాకు ఇప్పటికీ నోటికొచ్చు. కాలికో అనే గుడ్డపేరు మలబారు తీరంలోని కోళికోడు పేరు. చింట్జ్ మన చీటీగుడ్డ. డంగరీ బొంబాయిలో డోంగ్రీ అనే చోట అమ్మిన ముతక గుడ్డ. షాలు పారశీకులది, పైజామా వాళ్ళదే, కాళ్ళకు తొడుక్కునేది అని అర్థం. ఖాకీ అంటే వాళ్ళ భాషలో దుమ్ము. మా నాయన నేసే గళ్ళగుడ్డ లాంటిదానికి దొరలు గింగమ్ అని పేరు పెట్టుకున్నారు, అదీ వాళ్ళది కాదు, మలయా వాళ్ళ దగ్గర తెచ్చుకున్నది. అక్క ఒక్కొక్క మాటా వింటుంటే ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగాయి. అంతవరకూ దొరల బంగళా గేటు ముందు నిలబడినట్టు నిలబడిన మనిషి, లోపల ఉన్నవాళ్ళంతా మన వీధివాళ్ళేనని తెలిసినట్టు ముందుకు వంగింది. బంగళా మాట మాత్రం వాళ్ళదా? అది బంగాళా దేశపు ఇల్లు.

ఆ తర్వాత రోజూ సంగటి దగ్గర మా ఇంట్లో అదే గోల. అక్క కొత్తమాట చెప్తే అవ్వ తీర్పు చెప్పేది. మా వైపు కోడళ్ళను పుట్టింటి ఊరి పేరుతోనే పిలుస్తారు. మా అమ్మ ఆ ఇంటికి వచ్చి ఇద్దరు బిడ్డల్ని కని, తల నెరిసినా అవ్వకు ఆమె 'నారాయణవనం దానా' నే. అవ్వ ఇంగ్లీషు మాటలకూ అదే పద్ధతి పెట్టింది. "కాఫీ ఏవూరి పిల్లే?" "అరబ్బుల పిల్ల అవ్వా." "టీ?" "సైనా పిల్ల." "టమేటా?" "మెక్సికో అని, సముద్రానికి ఆవల." "అమ్మో, అంతదూరం సమ్మందం సేసుకున్నారా! అందుకే అది మన పులుసులో కలవను ఇంత కాలం పట్టింది." తాను నమిలే తమలపాకుకు దొరలు పెట్టుకున్న బీటెల్ అనే పేరు మన పక్కనున్న అరవం, మలయాళం మాటేనని తెలిసి అవ్వ గర్వపడింది. గంజిని కూడా కాంజీ అని ఎత్తుకుపోయారని తెలిసి, "పాపం, ఆకలైనట్టుండాది" అని జాలిపడింది. కానీ పందికొక్కు సంగతి చెప్పినరోజు అవ్వను పట్టడం మా తరం కాలేదు. ఇంగ్లీషులో బ్యాండికూట్ అనేది మన పందికొక్కేనని, ఆ పేరు ఓడెక్కి ఆస్ట్రేలియాకు పోయి అక్కడ ఇంకేదో జంతువుకు అంటుకుందని అక్క చెప్పగానే, అవ్వ నోట్లో వక్కాకు ఉమ్మేసి లేచి నిలబడింది. "నా బిడ్డల్లారా! దేశమంతా ఏలినారు, మా ఇంట్లోనించి ఎత్తకపోను పందికొక్కే దొరికిందా? పోనీ ఎత్తకపోయేది పేరుతో పాటు దాన్నీ ఎత్తకపోయుంటే నా బియ్యం మూట మిగిలుండు గదా!"

మా నాయన ఈ మాటల్లోకి రాడు. ముద్ద మింగుతూ వింటాడు. ఒకే ఒక్కసారి నోరు తెరిచాడు. స్కూలు అనే మాట గ్రీకు వాళ్ళదని, వాళ్ళ భాషలో దానికి మొదట తీరిక అని అర్థమని అక్క చెప్పింది. నాయన చెయ్యి కడుక్కుంటూ, "సూసినారా? నేను సెప్తే ఇనరు. పనీపాటా లేనోళ్ళు పోయే సోటని వాళ్ళ పెద్దోళ్ళే పేరుపెట్టి పోయినారు" అన్నాడు. అక్క ఊరుకోలేదు. "నాకు తీరిక యాడుండాది నాయనా? అందుకే గదా నేను అచ్చు అతుకుతా సదివేది" అంది.

అచ్చు అతకడమంటే ఏమిటో నేతపని తెలియనివాళ్ళకు చెప్పాలి. మగ్గం మీద ఒక అచ్చు, అంటే ఒక పడుగు, అయిపోవచ్చినప్పుడు, దాన్ని పూర్తిగా తీసెయ్యరు. తీసేస్తే వేలాది పోగులను మళ్ళీ పన్నె అనే దువ్వెన సందుల్లో ఒక్కొక్కటీ దూర్చాలి. అందుకని పాతపడుగు కొసలను వదిలిపెట్టి, కొత్తపడుగు పోగును ఒక్కొక్కదాన్నీ పాతపోగు కొసకు చేర్చి, వేళ్ళకు బూడిద రాసుకుని నలిపి అతుకుతారు. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు, తెలుపుకు తెలుపు, వరస తప్పకూడదు. ఇది మా ఇళ్ళల్లో ఆడవాళ్ళ పని. రోజంతా తల వంచి చేసేది. మా అక్క వేళ్ళకు ఆ పని నేర్పనక్కర లేదు, అవి వాటంతటవే చేసుకుపోయేవి. ఖాళీగా ఉండేది బుర్ర ఒక్కటే. దానికి ఆమె ఇంగ్లీషు అప్పజెప్పింది. ఒక పోగుకు ఒక మాట. మాట, దాని స్పెల్లింగు, దాని అర్థం, దాని పుట్టిల్లు. అంతా లోపల అనుకుని, పోగు నలిపి, తర్వాతి పోగు. షుగర్, మన శర్కర. క్యాండీ, మన ఖండం, కలకండలో ఉన్నదే. వరండా, పోర్చుగీసు బుడతకీచులు చేర్చింది. మజిల్, లాటిను వాళ్ళ చిట్టెలుక, చర్మం కింద ఉరుకుతున్నట్టు ఉంటుందని. నర్స్, అదే లాటిను, పాలిచ్చి పెంచేది. ఆ మాట వచ్చినప్పుడు మాత్రం పోగును రెండుసార్లు నలిపేదని నాకు అనిపించేది. చూసి చెప్తున్నానా, కల్పించి చెప్తున్నానా అని నన్నడక్కండి.

ఒకరోజు మధ్యాహ్నం మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. మా ఇళ్ళల్లో మగ్గం నడుస్తున్నంతసేపూ ఎవరికీ వినిపించదు, ఆగితేనే అందరూ తలెత్తుతారు. "మేయ్ రత్నా, ఇట్లరా" అన్నాడు నాయన. గొంతులో కోపం లేదు, అందుకే మాకు భయమేసింది. పోయి చూస్తే, నేసిన గుడ్డలో నల్లచారకు అంచున, ఉండాల్సిన చోట కాకుండా, వెంట్రుకంత ఎర్రపోగు నిలువునా పరిగెత్తుకుంటూ పోతోంది. అతికేటప్పుడు ఎరుపుకు నలుపు, నలుపుకు ఎరుపు పడింది. అప్పటికే లుంగీ దాటి లుంగీ నేసేశాడు, ఇప్పుడు వెలుతురు మారాక కంట్లో పడింది. అమ్మ రాట్నం వదిలేసి వచ్చి అక్కకూ నాయనకూ మధ్య నిలబడింది. అక్క చదువు ఆ క్షణంలో ఆ ఎర్రపోగుకు వేలాడుతోంది. నాయన ఆ పోగు మీద వేలు పెట్టి, ఎవరూ ఊహించని మాట అడిగాడు. "ఈడ ఏం మాట సదువుతా ఉంటివి?"

అక్క వంగి ఆ చోటు చూసింది. కళ్ళు మూసుకుంది. తడుముకోకుండా, "ఆరెంజ్, నాయనా" అంది.

"అదేం మాట?"

"నారింజ. మన దిక్కునించే బయల్దేరిందంట. పారశీకుల ఊర్లు, అరబ్బుల ఊర్లు, స్పెయినూ, ఫ్రాన్సూ అన్నీ తిరిగి ఇంగ్లాండు సేరిందంట. ఆ తిరుగుడులో తలకాయనున్న నకారం యాడో రాలిపోయిందంట. ఒంటిగా అంతదూరం పోయిందే అనుకుంటా ఉంటి. సెయ్యి తప్పింది."

నాయన ఆ ఎర్రపోగు వెంబడి వేలు జరుపుకుంటూ పోయాడు. తర్వాత, "తల రాలిపోయినా సెలామణీ అయిందా అది?" అన్నాడు.

"అయింది నాయనా. ఆడ దాన్ని ఎవురూ పరాయిది అనరు."

"నేను ముందే సెప్పుంటి. అచ్చు సెడితే సదువు లేదని."

"సెప్పుంటివి. అచ్చు సెడింది నా వల్లే, నేను కాదనను. విప్పి మళ్ళీ అతుకుతా, సంగటి లేకుండా కూసోమన్నా కూసుంటా. పరీక్ష మాత్రం రాస్తా. కొట్టినా రాస్తా, కట్టేసినా రాస్తా" అంది అక్క. గొంతు పైకి లేవలేదు. కళ్ళు కిందికి దిగలేదు. మా ఇంట్లో నాయన మాటకు ఎదురు నిలబడిన మాట నేను విన్నది అదే మొదలు.

వాకిట్లోనుంచి అవ్వ అరిచింది. "ఒరే, అదేమన్నా ఎవుడితోనో ఊసులాడతా తప్పు సేసిందా? నారింజకాయ వెంబడి పోయింది. నువ్వు పెండ్లికి ముందు ఏం తలుసుకుంటా ఎన్ని అచ్చులు సెడగొట్టినావో సెప్పమంటావా పిల్లోళ్ళ ముందర?" నాయన పెదవి మూల కదిలింది. ఆ రెండు పోగులనూ తానే తెంపి, సరైన చోట ముడివేసి, పేకపోగు నడిపే నాడెను చేతిలోకి తీసుకున్నాడు. "పరీక్ష రాయి. కానీ రేపటి అచ్చునించి లోపల గొణగద్దు. గట్టిగా సదువు, నా సెవిన బడాల. నువ్వు మాటలో పడి పోగు మరిస్తే నేను సెప్తా. పోగులో పడి మాట మరిస్తే ఈడు సెప్తాడు" అని నా వైపు గడ్డం ఎత్తాడు. అట్లా నేను మా అక్కకు ఇంగ్లీషు మాస్టారునైనాను. ఇంటింటికీ నేను చెప్పుకునే గొప్ప ఇంతే. నిజానికి ఆమె మరిచింది లేదు, నేను అందించింది లేదు. బూడిదవేళ్ళతో ఆమె గట్టిగా చదువుతుంటే నా చెవిలో పడి నిలిచిన మాటలే నా జీవితానికంతా ఇంగ్లీషు. నేను పనిచేసిన చిత్తూరు టెలిఫోన్ ఆఫీసులో నన్ను ఇంగ్లీషు పండితుడన్నారు, ఆ పాండిత్యం ఒక పడుగు పొడుగుంటుంది.

ఆ ఎర్రపోగు లుంగీలు ఆఫ్రికాకు ఎగుమతై, అక్కడి రాజులు అదే మోస్తరు కావాలని పట్టుబట్టారని నేను చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు. గుడ్డలు కొనే షావుకారు మనిషి వాటిని చూసి పక్కన పెట్టేశాడు, అవి చిరిగిపోయేదాకా నేనూ నాయనా కట్టుకున్నాం. కట్టుకున్న ప్రతిసారీ నాయన ఆ పోగును వెతికి బొటనవేలితో ఒకసారి రాసేవాడు. అది మాత్రం అబద్ధం కాదు.

వయసైపోయి నాయన చిత్తూరు ఆసుపత్రిలో పడుకున్నప్పుడు అక్క అక్కడే డ్యూటీలో ఉండేది. తెల్లటోపీ పెట్టుకుని మంచం పక్కకు వచ్చిన కూతురిని చూసి ఆయన అడిగిన ప్రశ్న, "హాస్పిటలు ఎవురింటి పిల్ల మే?" అని. "లాటిను నాయనా. వచ్చినోళ్ళకు ఇడిది అని. హోటలు దీనికి తోడబుట్టిందే." నాయన కాస్త ఆలోచించి, "అట్లయితే జాస్తి దినాలు ఉండగూడదు" అన్నాడు. ఉండలేదు కూడా.

ఇప్పుడు ఇవన్నీ ఎందుకు తవ్వుకుంటున్నానంటే, నాకొక ఉపాయం తట్టింది. బొమ్మలు చూపిస్తే మాట్లాడే మనిషి కాదు మా అక్క. చేతికి పని ఉంటేనే ఆమెకు మాట వచ్చేది. మరునాడే బస్సెక్కి నగరికి పోయాను. మా వీధిలో ఇప్పుడు చేతిమగ్గం ఒక్కటీ కనిపించలేదు. రేకుల షెడ్లు, కరెంటు మగ్గాలు. వాటి చప్పుడులో మనిషి తన మాట తానే వినలేడు, పోగుకు ఒక మాట చదువుకునే అక్క అక్కడ ఎవరికీ అవసరం లేదు. గంజివాసన కోసం ముక్కెగరేసి చూశాను. నూనెవాసన వచ్చింది. అలాగని ఆ రోజులే బంగారమని నేను అనను. మా నాయన వీపు వంగిపోయింది ఆ బంగారంలోనే. షెడ్డులో ఒకతను నేనెవరో తెలియకపోయినా కాఫీ తెప్పించి ఇచ్చి, ఎరుపూ నలుపూ నూలుచిలపలు పొట్లం కట్టించాడు. ముసలాయనకు నూలెందుకని కూడా అడగలేదు.

ఆ పొట్లం తెచ్చి అక్క ఒళ్ళో విప్పాను. కట్టెలపొయ్యి లేని ఇల్లు కాబట్టి బూడిదకు బదులు విమల దేవుడిగూట్లోంచి విభూతి తెచ్చాను. ఎర్రపోగు కొస ఆమె ఎడమచేతిలో పెట్టి, రెండోకొస నేను పట్టుకుని, "అతుకుదాం పా అక్కా" అన్నాను. నేను రాసుకున్న కథలో అయితే ఆ క్షణాన ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగి, వేళ్ళు వాటంతటవే నలిపి, నోట మాట రాలేది. జరిగింది చెప్తాను. అక్క ఆ పోగును చూసింది. వాలిపోయిన కుడిచేతిని చూసుకుంది. ఎడమచేత్తో నూలంతా కలిపి ఉండచుట్టి నా ముఖాన కొట్టింది. లావణ్య, "తాతా, ఆమెకు చేతకానిది గుర్తుచేస్తే ఇంకా ముడుచుకుపోతారు. నన్నడక్కుండా ఏమీ చేయొద్దు" అని నన్ను గట్టిగానే మందలించింది. పిల్ల చెప్పింది న్యాయం. విమల చూపు గోడమీది క్యాలెండరు వైపు పోవడం నేను చూశాను.

నేను మానలేదు. రోజూ లావణ్య రాకముందే పోయి కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఉపాయాలు అయిపోయాయి, మిగిలింది నోరు. ఈ ఆరెంజ్ సంగతి చెప్తే లావణ్య ఫోను తీసి నొక్కి, కన్నుమూసి తెరిచేలోగా ఆ మాట తిరిగిన ఊర్లన్నీ చదివి వినిపించింది. ఆశ్చర్యపోయాను. సుగుణమ్మ టీచరు దిండంత పుస్తకం ఈ పిల్ల అరచేతిలో ఉంది. సంతోషమే. మరునాడు అదే మాట అడిగితే మళ్ళీ ఫోను తీసింది. నేనూ దాన్ని ఎగతాళి చెయ్యలేను, నా కళ్ళద్దాలు నా నుదుటిమీద ఉండగా ఇల్లంతా వెతికినవాణ్ణి.

నిన్న కూడా అక్క బొమ్మల వైపు చూడలేదు. లావణ్య అలసిపోయి, అట్టముక్కలు పక్కన పెట్టి, మామూలుగా నాతో మాటల్లో పడింది. "మరి అమ్మ పరీక్ష పాసయ్యారా తాతా?" అంది. ఆ పిల్ల కళ్ళు చూస్తే నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పబుద్ధి కాలేదు. "పాసా? ముందు పరీక్షకు పోయిందెట్లో ఇను పాపా. సెంటరు పుత్తూరులో. ముందురోజు ఆకాశం చిల్లుపడిన వాన. వంకలు పొంగి రోడ్డు తెగిపోయింది. బస్సుల్లేవు, రైలు ఎప్పుడొస్తుందో స్టేషను మాస్టరుకే తెలీదు. ఇంట్లో అందరూ ఏడుపు. అప్పుడు నేను లేచినా. సైకిలు తీసినా. అక్కను యెనక కూసోబెట్టినా. వంక కాడ నీళ్ళు ఇంతెత్తు! ఒగ భుజాన సైకిలు, ఇంగో భుజాన అక్క..."

"న."

లావణ్య చెయ్యెత్తి నన్ను ఆపింది. మంచం మీద అక్క గోడవైపునుంచి ఇటు తిరిగి ఉంది. ముఖమంతా ఎర్రగా కందిపోయింది. గొంతులో నరం లేచి నిలబడింది. వార్డులో తప్పుచేసిన వాణ్ణి చూసే చూపు అది, ఆమె మాట పోయినప్పటినుంచి నేను చూడనిది.

"న... నడి..."

వంటింట్లో గిన్నె పడిన చప్పుడు. విమల తలుపు దగ్గరికి వచ్చి రెండుచేతులూ నోటికి అడ్డంపెట్టుకుంది. అక్క దానివైపు చూడలేదు. ఎడమచెయ్యి ఎత్తి, చూపుడువేలు నా ముక్కుకు గురిపెట్టింది.

"నడిసి... పోతి."

ఔను, నడిచే పోయింది. మా ఇంట్లో సైకిలే లేదు. నాయన వంక దాకా వచ్చి, చెయ్యి పట్టుకుని దాటించి, మగ్గం మీది గుడ్డ మరునాటికి అందించాలని వెనక్కి తిరిగాడు. అక్కడినుంచి చెప్పులు చేత్తో పట్టుకుని, జడ ముడివేసుకుని, రైలుకట్ట వెంబడి ఒక్కతే పుత్తూరు దాకా పోయింది. సుగుణమ్మ టీచరుకు తెలిసినవాళ్ళ ఇంట్లో తడిబట్టలు పిండుకుని పడుకుని, పొద్దున్నే పరీక్ష రాసింది. ఆ సమయానికి నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని ఉన్నాను.

విమల మంచం మీద కూలబడి తల్లి పాదాలు పట్టుకుంది. అక్క దాన్ని పట్టించుకోకుండా ఇంకా నన్నే చూస్తోంది, నేను ఒప్పుకున్నానా లేదా అని. లావణ్య నా చెవి దగ్గరికి వంగి, "తాతా, ఆపొద్దు. ఇంకోటి చెప్పండి" అంది గుసగుసగా.

నా దగ్గర దానికి కరువా? గొంతు సవరించుకున్నాను. కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాను. "ఆ పరీక్షలో మా అక్కకు ఇంగ్లీషులో రాష్ట్రానికే ఫస్టు మార్కు వచ్చింది పాపా. గవర్నరే స్వయంగా నగరికి వచ్చి..." అని మొదలుపెట్టాను.

అక్క నోరు అప్పుడే తెరుచుకుంటోంది.